సున్నపు గీత

రాత్రి పదకొండున్నరకి
బ్రాడీపేట మేడమీద అద్దెగదిలో
నేను రాజుని.
పగలు మిర్చి యార్డులో గుమస్తాని.
ఎన్నిసార్లు కడిగినా చేతుల ఘాటు పోదు.
మౌసు మీది వేలు పొరపాటున కంటికి తగిలిందా,
రాజ్యం మొత్తం వరదలో మునిగి కనిపిస్తుంది.

నూట నలభయ్యో టర్ను.
ఊదారంగు రాజు తాలూకు రౌతొకడు
నా గోధుమ చేల మధ్య గుర్రం మీద ఉన్నాడు.
అడగలేదు, చెప్పలేదు.
పంట తొక్కడు, పాక తగలెయ్యడు,
ఊరికే ఉంటాడు.
అదే ఎక్కువ మంట.

కొత్తల్లో అయితే ఇంకేముంది, యుద్ధమే.
ఒక్క రౌతు కోసం మూడు పట్నాలు పోగొట్టుకుని
తెల్లారి కాటా దగ్గర తూగుతూ
నలభై రెండు కిలోల టిక్కీని ఇరవై నాలుగని రాసి
పేరయ్య గారి చేత తిట్లు తిన్నాను.
తర్వాత నెమ్మదిగా బుద్ధొచ్చింది.
పొమ్మనే ముందు పొలిమేరకి పది విల్లులు చేర్చాలి.
లేదా హమాలీ కోటేసు టిక్కీలు పేర్చినట్టు
గడి గడికీ మనవాణ్ణొకణ్ణి నిలబెట్టి
చోటు లేకుండా చెయ్యాలి.
కబురు పంపినప్పుడల్లా ఊదారాజుది ఒకటే జవాబు:
"దారిన పోతున్నాం, అంతే."
దారిన పోయేవాళ్లకి అన్ని బల్లేలెందుకో!

ఈ రౌతుని వెళ్లమన్నాను.
సరేనన్నారు.
కదల్లేదు.
మళ్లీ అన్నాను. మళ్లీ సరేనన్నారు.
చిర్రెత్తి, పటం పైకీ కిందకీ జరిపి చూశాను.
వెనక కొండలు. ముందు సముద్రం.
కుడీ ఎడమా నేనే.
మొన్న ఆ మూల నేను గుడి కట్టించినప్పుడు
నా సరిహద్దు చప్పుడు లేకుండా రెండు గడులు పెరిగింది.
వాడు నా నేలలోకి రాలేదు.
నా నేలే వెళ్లి
వాడి గుర్రం కాళ్ల కింద పరుచుకుంది.

ల్యాపుటాపు మూయకుండానే కాసేపు కూర్చున్నాను.

ఎందుకంటే ఆ పొద్దునే
నాగూర్‌బీ టీ పొయ్యి దగ్గరికి నన్ను పంపారు.
షెడ్డు పెంచి కొత్తగా సున్నం గీత గీశాక
ఆ పొయ్యి మా లోపలికొచ్చింది.
"రేపటికల్లా గీత అవతల ఉండాలని చెప్పు" అన్నారు పేరయ్య గారు.
చెప్పాను, గొంతు కాస్త పెద్దది చేసుకుని.
ఆమె గరిటె ఆపలేదు.
"అవతల మురిక్కాలవ. ఇవతల మీ తేజ టిక్కీలు.
నెత్తిన పెట్టుకోనా, బాబూ?"
అంటూనే టీ పోసింది.
పాత బాకీ పద్దెనిమిది రూపాయలూ
గుర్తుపెట్టుకుని మరీ తీసుకుంది.

రాజుగా ఆజ్ఞ ఇవ్వడం తేలిక,
ఒక్క బొత్తాం. దారులు తెరిచాను.
రౌతు కదిలాడు.
నా రహదారి మీద, నా వంతెన మీదుగా,
నా కోటల పక్కనుంచి.
పోతూ పోతూ లోపల ఎందరున్నారో
లెక్కేసుకునే పోయుంటాడు.

తెల్లారి గీత మళ్లీ గియ్యాల్సొచ్చింది,
రాత్రి లారీ చక్రాలకి చెరిగిపోయింది.
సున్నం డబ్బా నా చేతికే వచ్చింది.
పొయ్యి దగ్గరికి వచ్చేసరికి
గీత కొంచెం వంగి, పొయ్యిని తప్పుకుని,
మళ్లీ దారిలో పడింది.
"ఏంట్రా ఆ వంకర?"
"ఘాటుకి కళ్లు నీళ్లు కారాయండీ."
నమ్మారో లేదో గాని
ఆయన కూడా తుమ్మారు.

నూట అరవై మూడో టర్ను.
అదే గోధుమ చేను.
ఈసారి ఊదారంగు బల్లేలు పన్నెండు.
కొండల్లోంచి కాదు,
నేను తెరిచిన రహదారి మీదే తిన్నగా వచ్చాయి.
"దారిన పోతున్నాం, అంతే."

నా దగ్గర విల్లులు నాలుగే.
కీబోర్డులో ఎక్కడో ఇరుక్కున్న మిరపగింజ
స్పేసు మీట నొక్కినప్పుడల్లా
కిర్రుమంటోంది.
నొక్కకుండా
చూస్తున్నాను.